శుక్రవారం పాట ఎవరి మీద రాశానంటే

మా ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. వాటిలో ఎనిమిదింటి గురించి ఇంతవరకు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక పాటకైతే నెల రోజులు కూర్చుని చరణాలు కుదిర్చాను, అదీ ఎవరికీ పట్టలేదు. అందరూ అడిగింది ఆరో పాట గురించే. అదీ ఒకే ఒక్క ప్రశ్న: "గది ఎవల మీద రాసినవే?" ఆ ప్రశ్నకు భయపడి రెండు నెలలు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు మంచిగా తింటున్నాను కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

బ్యాండ్ అంటే మేం ముగ్గురమే. గిటార్ వాయించే అతనికి జగిత్యాలలో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. డ్రమ్స్ వాయించే అతనిది సిరిసిల్ల, ఉర్దూ మాట్లాడే ఇల్లు, తాతల నాటి నుంచి బట్టలు కుట్టే పని. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పాటలు రాసేదీ పాడేదీ నేనే. ఆదివారం ఆదివారం బస్సులెక్కి జగిత్యాలలో దుకాణం పైగదికి చేరేవాళ్లం. కింద ఫోన్లు, పైన మేము. "మీదేం బ్యాండు?" అని అడిగిన వాళ్లకు రాక్ అని చెబితే, "పెళ్లి బారాతుకు అస్తరా?" అనేవారు. రామంటే, "మరి గింత కష్టమెందుకు?" అని జాలిపడేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డ్రమ్స్ అతనికి నవ్వు వచ్చేది. అందుకే బ్యాండ్ ఇన్నాళ్లు నిలిచిందని గిటార్ అతని సిద్ధాంతం.

ఆరో పాట సంగతి చెప్పాలంటే మా వాడ సంగతి చెప్పాలి. మా వాడలో ఆడవాళ్లు బీడీలు చేస్తారు. చాటలు పట్టుకుని మా ఇంటి ముందు రేకుల నీడకు చేరతారు. తునికాకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటాయి, నోళ్లు మాత్రం ఖాళీగా ఉంటాయి. అందుకని అక్కడ తెలియని సంగతంటూ ఉండదు. వాళ్లలో సగానికి పైగా మొగుళ్లు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉన్నవాళ్లే. అక్కడ సెలవు శుక్రవారం. ఇంటికి ఫోన్ చేసేదీ శుక్రవారమే. అందుకే ఆ రోజుకు మా వాడలో ఒక మర్యాద ఉంది. తలమీద నీళ్లు పోసుకుని, వంట తొందరగా ముగించి, ఫోన్ పక్కన పెట్టుకుని చాట ముందు కూర్చుంటారు. మోగితే లేచి పక్కకు పోతారు. తిరిగొచ్చాక ఏమన్నాడని ఎవరూ అడగరు. చెబితే వింటారు.

మాకు మూడిళ్ల అవతల ఒక చిన్నమ్మ ఉంది. చుట్టం కాదు, పిలుపుకే చిన్నమ్మ. ఆమెకు ప్రతి శుక్రవారం సరిగ్గా పదకొండు గంటలకు ఫోన్ మోగేది. మిగతావాళ్ల మొగుళ్లు ఒక వారం చేస్తే రెండు వారాలు మరిచేవాళ్లు. చిన్నమ్మ మొగుడు మాత్రం గడియారం. ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని గోడ పక్కకు పోతూ, "ఆ... తిన్న. నువ్వు తిన్నవా?" అనడం నా చిన్నప్పటి నుంచి చెవుల్లో ఉంది. వాడలో ఆడవాళ్లు తమ మొగుళ్లను తిట్టడానికి ఆయన్నే వాడుకునేవాళ్లు. మా పక్కింటామె అయితే, "గాయినను సూసి నేర్సుకో, సిగ్గుండాలె!" అని వీధి చివరిదాకా వినబడేలా ఫోన్‌లో అరిచేది.

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో ఒకనాడు చిన్నమ్మ తన చిన్న ఫోన్ నా చేతికిచ్చింది. "బిడ్డా, గీ అలారం మోగుతలేదు, జర సూడు," అంది. చూశాను. శుక్రవారం పదకొండుకు అలారం పెట్టి ఉంది. దాని మోతా, ఫోన్ వస్తే మోగే మోతా ఒకటే. బ్యాటరీ తీసి మళ్లీ పెడదామని వెనక మూత విప్పాను. లోపల సిమ్ లేదు. నాకు వెంటనే అర్థం కాలేదు. "చిన్నమ్మా, సిమ్ ఏది?" అని గట్టిగానే అడిగాను. ఆమె లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అప్పుడు అర్థమైంది.

"మూడేండ్లాయె ఫోన్ చెయ్యక," అంది చిన్నమ్మ. "బతికే ఉన్నడు. ఆడికెళ్లి అచ్చినోళ్లు సూసిండ్రట, మంచిగనే ఉన్నడట."

సిమ్ తీసేస్తే, ఆయన చేద్దామనుకున్నా ఎట్లా చేస్తాడని అడిగాను.

"చేసేటోడైతే పక్కింటికన్న చేస్తడు గదా," అంది. తర్వాత నా చేయి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఎవలకు చెప్పకు బిడ్డా. మొగడు ఇడిసిపెట్టిండని ఒక్కసారి పేరు పడితే, రేపటి సంది గా చాటల నడుమ ఎట్ల కూసుందును?"

ఒట్టు వేశాను. అలారం బాగుచేసి ఇచ్చాను కూడా.

ఆ ఒట్టును పన్నెండేళ్లు నిలబెట్టుకున్నాను. పన్నెండేళ్లూ ప్రతి శుక్రవారం చిన్నమ్మ గోడ పక్కకు పోయి ఎవరూ లేని ఫోన్‌తో మాట్లాడుతుంటే, తల దించుకుని లోపలికి పోయేదాన్ని. అప్పుడప్పుడు ఆమె అవతలి మనిషిని కోప్పడేది కూడా. "గంత ఎండల ఎందుకు పోతివి?" అనేది. ఆల్బమ్‌కు పాటలు చాలక ఒక ఆదివారం కూర్చున్నప్పుడు ఆ మాటలే వచ్చాయి. నా ప్రయత్నమేమీ లేదు. పల్లవంతా ఫోన్‌లో ఒక పక్క మాటలే: "ఆ... తిన్న. నువ్వు తిన్నవా?" ఆ తర్వాత నాలుగు దెబ్బల సేపు మా ముగ్గురిలో ఎవరం ఏమీ వాయించం. అవతలి మనిషి జవాబు చెప్పాల్సిన జాగా అది. జవాబు రాదు. అప్పుడు గిటార్, డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడతాయి, నేను అరుస్తాను. పాటలో పేరు లేదు, ఊరు లేదు. చెప్పలేదు కదా, పాడాను కదా అని నాకు నేనే వకీలునయ్యాను. తప్పు చేస్తున్నానని తెలియకపోతే వకీలు ఎందుకు? తెలుసు. పాట బాగుందన్న ఆశ అంతకంటే ఎక్కువైంది.

జగిత్యాలలో మేం రికార్డు చేసిన స్టూడియోకు పల్లె పాటల్లో మంచి పేరు. దాని యజమాని చేతులు ఆ పాటలకు ఎంత అలవాటు పడ్డాయంటే, మా ఆరో పాటలో ఖాళీ చూసి తట్టుకోలేకపోయాడు. మరుసటి వారం మేం వెళ్లేసరికి ఆ నాలుగు దెబ్బల జాగాలో ఆడపిల్లల కోరస్‌తో "ఓయ్ ఓయ్" పెట్టి, దాని మీద తన స్టూడియో పేరు అరిపించి ఉంచాడు.

"తీసెయ్యండి," అన్నాను.

"అక్కా, గంత సేపు సప్పుడు లేకుంటె ఫోన్ కరాబైందనుకుంటరు."

"అనుకోనీ."

"పాట చేయించినోళ్లు నన్ను తిడ్తరక్కా!"

"చేయించింది మేమే. పెట్టినందుకే తిడుతున్నా."

చిన్నబుచ్చుకుని తీసేశాడు. ఇద్దరం ఆ రోజంతా మాట్లాడుకోలేదు. అయినా మిగతా పాటలు ఆయన చాలా శ్రద్ధగా చేశాడు, అది ఒప్పుకోవాలి.

ఆల్బమ్‌లు శుక్రవారమే విడుదల చేస్తారట, లోకమంతా అదే పద్ధతట. గిటార్ అతను ఈ ముక్క తేదీ ఖాయం చేశాక చెప్పాడు. తేదీ మార్చమని అడగాలనిపించింది. కానీ కారణం ఎవరితో చెప్పను? విడుదలయ్యాక వారం రోజులు ఏమీ కాలేదు. ఎవరో నగరంలో ఉన్న పెద్దమనిషి ఆన్‌లైన్‌లో సమీక్ష రాశాడు. గొంతులో పచ్చిదనం ఉందన్నాడు, డ్రమ్స్ బాగున్నాయన్నాడు. ఆరో పాటలో జవాబు రాని ఫోన్ నేటి నగర మానవుడి ఒంటరితనానికి ప్రతీక అన్నాడు. ముగ్గురం పదిసార్లు చదువుకున్నాం. డ్రమ్స్ అతను ప్రతీక అంటే ఏమిటని అడిగాడు. గిటార్ అతను, "ఉన్నది చెప్పకుండ ఇంకోటి చెప్పుడు," అన్నాడు. ప్రతీకా లేదు, ఏమీ లేదు, అది చిన్నమ్మ ఫోన్. నేను నోరు మూసుకుని టీ తాగాను. సమీక్ష చూసి సంతోషపడ్డ మాట నిజం. కోరుట్లలో రాక్ వినేవాళ్లు లేరు కాబట్టి గండం గడిచిందని అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాను.

గండం గడవలేదు. దుకాణానికి రిపేరుకొచ్చిన ప్రతి ఫోన్‌లో గిటార్ అతను స్పీకర్ పరీక్ష కోసం మా ఆరో పాట వేసి చూస్తున్నాడు. మధ్యలో నిశ్శబ్దం, వెంటనే పెద్ద మోత ఉంటాయి కాబట్టి స్పీకర్‌లో లోపం దానితో ఇట్టే దొరుకుతుందట. చూసి తీసేయాలి కదా? తీయకుండా అలాగే ఇచ్చేశాడు. ఒకరోజు కాదు, నెల రోజులు. ప్రచారం చేస్తున్నాననుకున్నాడు మహానుభావుడు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మా పాట అలా బాగైన ఫోన్లతో పాటు ఇళ్లకు చేరింది. అక్కడి నుంచి స్టేటస్‌లకెక్కి, కోరుట్లకు వచ్చి, మా ఇంటి ముందు రేకుల నీడలో, చాటల నడుమ మోగింది. నేను బడి నుంచి వచ్చేసరికి మోగుతోంది. చిన్నమ్మ తల వంచుకుని బీడీ చుడుతోంది. తల ఎత్తలేదు. మర్నాటి నుంచి మోకాళ్ల నొప్పులని ఇంటి దగ్గరే కూర్చుని చుట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను రెండుసార్లు ఆమె వాకిలి దాకా పోయి వెనక్కు వచ్చాను. ఏమని మొదలుపెట్టాలి? ఒట్టు తప్పినందుకు క్షమించమనాలా? బాగుంది కదా పాట అనాలా? ఎవరైనా ఒక్కరు ఆ పల్లవినీ, గోడ పక్కన చిన్నమ్మనూ కలిపి చూస్తే చాలు, పదిహేనేళ్లుగా ఆమె కాపాడుకున్నది నా మూలంగా ఒక్క పూటలో కూలిపోతుంది.

ఆ వారంలోనే మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. నాన్న ముందు గదిలో పడుకుని ఉన్నాడు.

"గా పాట నువ్వే రాసినవా?"

"ఆ."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

అయిపోయిందనుకున్నాను. "ఏం చెప్పిండ్రు?" అన్నాను.

"నా ముచ్చట," అంది అమ్మ. కళ్లనిండా నీళ్లు. "నువ్వప్పుడు గింతంత ఉంటివి. మీ నాయిన సౌదీల ఖల్లివల్లి అయిండు." పని ఇచ్చిన యజమానిని విడిచి, కాగితాలు లేకుండా దాక్కుని తిరిగేవాళ్లను అక్కడ అలా అంటారు. "ఎన్మిది నెలలు ఉన్నడో లేడో ఎరుక లేదు. మీ నాయినమ్మ పానం పోతదని, ఫోనచ్చిందని చెప్పి బూత్ కాడికి పోయేదాన్ని. అరగంట నిలవడి అచ్చేదాన్ని. ఏమన్నడే అంటే నోటికచ్చింది చెప్పేదాన్ని. తిన్నడట అత్తా, మంచిగున్నడట అత్తా అని."

ముప్పై అడుగుల ఇంట్లో పుట్టి పెరిగి, నా తల్లి సంగతి నాకు తెలియదు. "నీ మీద కాదమ్మా" అని ఎలా అంటాను? "నీ మీదనే," అన్నాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి ముందుగాల్ల ఒక మాట అడగద్దా?" అని కసిరింది. అడిగి ఉండాల్సింది నేను వేరే మనిషిని. అయినా ఆ కసురు నాకు చల్లగా తగిలింది.

తర్వాత వరస మొదలైంది. మా బడిలో ఆయా దగ్గర్లోని ఇబ్రహీంపట్నం నుంచి వస్తుంది. నీళ్ల పంపు దగ్గర నన్ను ఆపి, "టీచరమ్మా, మా ఊరోళ్లు ఎవలన్న చెప్పిండ్రా?" అని చెవిలో అడిగింది. వాళ్లాయన రెండేళ్లు మాట్లాడకపోతే, పిల్లల ముందు వాళ్ల నాన్నతో మాట్లాడినట్టు నటించేదట. సిరిసిల్లలో డ్రమ్స్ అతని తల్లి కుట్టుమిషన్ ఆపి, మీ నాన్న మస్కట్‌లో ఉన్న రోజుల సంగతి నీకెవరు చెప్పారని కొడుకును ఉర్దూలో నిలదీసిందట. అతను ఆ రోజు మాకు ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

అన్నిటికంటే గొప్పది రుద్రంగి ఊరి నుంచి వచ్చిన ఒకామె సంగతి. తన ఫోన్ బాగుచేయించుకుని పోయిన నాలుగో రోజు, అక్కను వెంటబెట్టుకుని జగిత్యాల దుకాణం మీదికి వచ్చింది. అవతల మొగుడు లేకున్నా తాను మాట్లాడుకున్న మాటలు ఫోన్‌లోనే దాగి ఉంటే, రిపేరు చేసేటప్పుడు ఇతను దొంగతనంగా విని పాట కట్టించాడని ఆమె నమ్మకం.

"నా ఫోన్‌ల ముచ్చట నా ఫోన్‌లనే పాట పెట్టి ఇచ్చినవు, ఎంత ధైర్యం నీకు!" అని ఆమె కౌంటర్ మీద చరిచిందట.

అది ఎప్పుడో రికార్డు చేసిన పాట అని అతను ఎంత చెప్పినా వినలేదు. చివరికి నాకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ నేను పల్లవి పాడి వినిపించాల్సి వచ్చింది.

"మరి నీకెట్ల ఎరుకైంది చెల్లే?" అంది ఆమె, గొంతు పూర్తిగా మారిపోయి.

బడి గంట కొట్టారని చెప్పి తప్పించుకున్నాను. కానీ ఫోన్ పెట్టాక మొదటిసారి ఊపిరి తిరిగింది. నేను ఒక్క మనిషి గుట్టు రట్టు చేశానని కదా ఏడుస్తున్నాను. ఇంతమంది ఆ పాట తమదేనని తగువుకు వస్తుంటే, అది చిన్నమ్మదని కనిపెట్టేవాళ్లెవరు? దాగడానికి ఇంత పెద్ద గుంపు దొరికింది ఆమెకు. సమీక్షలో రాసిన నగర మానవుడు కూడా అందులో ఒకడు, పోనీ.

మా రేకుల కింద ఆడవాళ్లు ఈలోగా ఇంకో పని మొదలుపెట్టారు. పాటలో ఆ నాలుగు దెబ్బల ఖాళీ వచ్చినప్పుడల్లా, ఎవరో ఒకరు మొగుడి బదులు జవాబు చెప్పడం. "తిన్న గనీ ఉప్పెక్కువైంది!" అని ఒకరు. "ఈడ ఎండ మస్తున్నది, గదంత తర్వాత!" అని ఇంకొకరు. స్టూడియో ఆయన "ఓయ్ ఓయ్" ఉండి ఉంటే వీళ్లకు జాగా ఎక్కడిది?

వేసవి సెలవుల్లో ఒక శుక్రవారం. ఎండ ముదరకముందే అందరూ చాటలతో వచ్చి కూర్చున్నారు. నేను గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. చిన్నమ్మ వచ్చింది. చాట దించుకుని ఎప్పటి జాగాలోనే కూర్చుంది. మోకాళ్లు ఎట్లున్నయని అడిగారు, మంచిగనే ఉన్నయంది. అలవాటు ప్రకారం పక్కింటామె పాట పెట్టింది. నా చేతులు ఆగిపోయాయి. నా గొంతే, "ఆ... తిన్న. నువ్వు తిన్నవా?" అంది. ఖాళీ వచ్చింది.

"తింటె తిను, లేకుంటె లేదు, నాకెందుకు చెప్తవు!" అంది చిన్నమ్మ, చేతిలో బీడీ మీంచి చూపు తీయకుండా.

గొల్లున నవ్వారు అందరూ. ఆ నవ్వు తగ్గకముందే, అదే గొంతుతో, "పదిహేనేండ్లాయె గాయిన ఫోన్ చెయ్యక," అంది.

నవ్వు ఆగింది. పక్కింటామె పాట ఆపేసింది. "శుక్రారం శుక్రారం మాట్లాడ్తవు గదనే?"

"అలారం పెట్టుకుంటి."

చేతులు మాత్రం ఆగలేదు, ఆకు చుడుతూనే ఉన్నాయి. నేను చిన్నమ్మ ముఖం చూడలేక అమ్మ వైపు చూశాను. అమ్మ దారం తెంపుతూ, "నేను బూత్ కాడ నిలవడి అచ్చేదాన్ని," అంది. మూలనున్న ఇంకొకామె, తానైతే ఫోన్ పాడైందని రెండేళ్లు చెప్పుకున్నానంది. పక్కింటామె ఒక్కసారిగా చాట పక్కన పెట్టి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఓ యమ్మా! నీ మొగన్ని సూసి నేర్సుకొమ్మని నా మొగన్ని ఎన్ని తిట్లు తిడితి! మాయన నెలకు రెండుసార్లన్న చేస్తుండె గదనే పాపం! ఇయ్యాల ఫోనత్తె మాఫీ చెప్పాలె."

చిన్నమ్మే ముందు నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. ఆమె నవ్వితే మిగతావాళ్లకు అడ్డేముంది? నేను లోపలికి పోయి, నీళ్ల బిందె పక్కన నిలబడి ఏడ్చాను. పెద్ద బరువు దిగినప్పటి ఏడుపు అది, దాన్ని ఆపబుద్ధి కాలేదు.

అందరూ లేచిపోయాక చిన్నమ్మ చాట సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. "చిన్నమ్మా, ఒట్టు..." అన్నాను.

"నా నెత్తికేం కాలె, సూడు," అని తల వంచి చూపించింది. "కోపమచ్చింది, రాలేదనను. మస్తు కోపమచ్చింది. మోకాళ్లు నొచ్చింది గందుకే. ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటె అందరు గదే పాట పాడుకుంట పోతుండ్రు. పోరగాండ్లు గూడ. నాకొక్కదానికే అనుకుంటి గీ బాధ."

ఆమె చాట చంకన పెట్టుకుని రెండడుగులు వేసి ఆగింది.

"శుక్రారం మాట్లాడుడు పెద్ద కష్టం కాదు బిడ్డా. దానికి ముందు బేస్తారం నాడు కష్టం. పోయినవారం ఏం చెప్పిన, రేపు ఏం చెప్పాలె, ఆయినకు జ్వరమని చెప్తిని గద మరి తగ్గిందనాల్నా వద్దా... పదిహేనేండ్ల సంది బేస్తారం బేస్తారం నాకు నిద్ర లేదు," అంది చిన్నమ్మ. "ఇగ పండుకుంట."